వెనక బెంచీలో తొంభై రోజులు

"...అది కూడా చదవాల్సిందే. నీకు నచ్చని మాట ఎగరగొట్టి చదవడానికి అదేమన్నా చేపల కొట్టువాడి చీటీ అనుకున్నావా?" అంది వెర్డీ పిన్ని, ఇస్త్రీపెట్టె గాల్లోనే పట్టుకుని.

"ఎగరగొడతానని నేననలేదు పిన్నీ. మార్చమంటున్నాను."

"సంఘ పెద్ద డీకన్ క్రంప్ గారు రాసిన కాయితం మార్చడానికి నువ్వెవరివే?"

"దాన్ని చదివేదాన్ని."

పిన్ని ఇస్త్రీపెట్టెను తెల్ల గౌను కాలరు మీదికి గట్టిగా దించింది. ఆరాధనలో ఆత్మావేశం వచ్చి పడిపోయేవాళ్లను పట్టుకుని, మంచినీళ్లిచ్చి, విసనకర్రతో విసిరే ఆడవాళ్ల దళానికి ఆమె పెద్ద. ఆదివారం ఆ గౌను మీద చిన్న ముడత ఉన్నా ఆమెకు నడక సాగదు. పొయ్యి మీద పంది మెడ ఎముకలు సన్నసెగకు ఉడుకుతున్నాయి. కాయితం బల్ల మీద, ఉప్పు గిన్నె కింద ఉంది. రాసింది మూడే వాక్యాలు. సైతాను ఇంట్లో పాడి ఈ సంఘానికి తలవంపులు తెచ్చాను. ప్రభువిచ్చిన గొంతును బురదలో పారేశాను. నన్ను క్షమించి తిరిగి చేర్చుకోమని వేడుకుంటున్నాను.

"దాచినందుకు తప్పయిందంటాను. వెయ్యిసార్లు అనమన్నా అంటాను. పాడినందుకు మాత్రం అనను," అంది ఒజెల్లా.

"దాచింది ఆ పాడటాన్నేగా! రెంటికీ తేడా ఏమిటే?"

"నీకు తెలీదులే."

"నాకు తెలీదు. నాకేం తెలుసు, నిన్ను రైలెక్కించుకుని తెచ్చి సాకిందాన్ని మాత్రమేగా! అయినా ఇప్పుడక్కడ పాడటం మానేశావు కదా. మానేసినదానికి క్షమాపణ అడగడానికి ఏడుపెందుకు?"

"నేను మానలేదు. మాన్పించారు."

"ఏదైతేనేం. నిన్న శనివారం ఇంట్లోనే ఉన్నావు. నాకదే చాలు."

ఒజెల్లా మేజోళ్లు తొడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. ఈవేళ ఆదివారంతో ఆమె శిక్షకు తొంభై రోజులు నిండుతాయి. ముందుకు వెళ్లి ఆ కాయితం చదివితే, చేతులెత్తి అందరూ ఆమెను మళ్లీ క్వయర్‌లోకి, అంటే పాటల బృందంలోకి తీసుకుంటారు. మే మూడో ఆదివారం సంఘ వార్షికోత్సవం. ఆరు సంఘాల వాళ్లు వస్తారు. ఆరోజు పాడబోయే హాగరు పాట ఒజెల్లా కట్టినది. చదివితే దాన్ని ఆమె పాడుతుంది. చదవకపోతే క్వయర్‌లోనే ఉన్న ఎర్లీన్ అనే పిల్ల పాడుతుంది.

ఒజెల్లా టిబ్స్ మిసిసిపీ నుంచి షికాగో వచ్చేసరికి ఆమెకు పదకొండేళ్లు. తల్లి పోయిన నెలకే పిన్ని వెళ్లి తీసుకొచ్చింది. చెప్పుల పెట్టెలో సర్దుకున్న వేయించిన కోడి ముక్కలు ఆ రైలు ప్రయాణం సగంలోనే అయిపోయాయి. మిగతా సగం పిన్ని కీర్తనలు పాడించింది. అప్పటికి ఆమెది అందరు పిల్లల గొంతే. పదమూడో ఏట అది దిగిపోయింది. అబ్బాయిలకు పగిలినట్టు పగిలి, ఎక్కడో కిందికి వెళ్లి కుదురుకుంది. ఆదివారపు బడిలో పిల్లలు 'బ్రదర్ ఒజెల్లా' అని పిలవడం మొదలుపెట్టారు. క్వయర్‌లో ఆమెను మగవాళ్ల వరసకు ఆనించి నిలబెట్టారు.

ఆ రోజుల్లో ఆర్గాన్ వాయించేది మిసెస్ ప్రూయిట్. కీర్తన ఏ శ్రుతిలో అచ్చయితే ఆ శ్రుతిలోనే వాయించేది. ఒకసారి ఒజెల్లా ధైర్యం చేసి, "కాస్త దించి వాయిస్తారా అమ్మా?" అని అడిగింది.

"పుస్తకం రాసినవాళ్లకంటే నీకెక్కువ తెలుసా?" అంది మిసెస్ ప్రూయిట్, కళ్లజోడు పైనుంచి చూస్తూ.

అంతటితో ఆ మాట అయిపోయింది. పదిహేనేళ్లపాటు ఒజెల్లా మునివేళ్ల మీద నిలబడి అటకమీది డబ్బా అందుకున్నట్టు పాడింది. పైకి అందని చోట ఒక్కసారిగా కిందికి దూకేది. తమాషా ఏమిటంటే, ఆమె అలా కిందికి దిగినప్పుడే ముందు బెంచీల్లో ముసలమ్మలు లేచి నిలబడేవాళ్లు. పిన్ని దళానికి పని పడేది. అలా అలా క్వయర్ ముందు నిలబడి పాట అందుకునే స్థానం ఆమెకే వచ్చింది. వచ్చినా, ప్రతి ఆదివారం ఇంటికొచ్చాక మెడ నరాలు లాగేవి. ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ, తన గొంతులోనే ఏదో లోపం ఉందనుకునేది.

వారమంతా హోటల్ లాండ్రీలో పని. తడి దుప్పట్లను ఆవిరి రోలర్ల మధ్యకు నెట్టడం. ఆ మోతలో ఎవరు పాడినా ఎవరికీ వినపడదు. హాగరు పాట ఆమె కట్టింది అక్కడే. ఎడారిలో పిల్లవాణ్ణి పొద కింద పడుకోబెట్టి, తిత్తిలో నీళ్లయిపోయిన తల్లి, బైబిల్లోని హాగరు పాట అది. మూడేళ్లు పట్టింది. ఆమెకు సంగీతం రాయడం రాదు. ఒక్కో వరస ఒక్కో వారం క్వయర్‌వాళ్లకు నోటితోనే నేర్పింది.

ఇరవై తొమ్మిదో ఏట ఒక శనివారం సాయంత్రం, లాండ్రీలో పక్క రోలర్ మీద పనిచేసే పిల్ల ఆమెను నలభై ఏడో వీధిలో ఉన్న సైక్స్ బార్‌కు తీసుకెళ్లింది. పని దిగినవాళ్లు ఐదింటి నుంచి ఎనిమిదింటి దాకా అక్కడ కూర్చుని జాజ్ వింటారు. ఆ పిల్ల ఊరుకోకుండా, "మా ఒజీ మీ అందరికంటే బాగా పాడుతుంది," అని అరిచింది. అందరూ చప్పట్లు కొట్టి లేపారు. పియానో దగ్గర విట్ అనే ముసలాయన ఉన్నాడు.

"ఏ శ్రుతి, తల్లీ?" అన్నాడు.

"పాట ఎందులో ఉంటే అందులోనే."

"పాట సంగతి నాకెందుకు? నీకేది కావాలి?"

ఆమె తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన ఓపిగ్గా ఒక్కో మెట్టూ దించుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆమె భుజాలు వాటంతటవే కిందికి జారాయి. "ఆఁ, అదీ నీ ఇల్లు," అని ఆయన మూడు వేళ్లు నేలవైపు చూపించాడు. "మూడు కిందికి. గుర్తుపెట్టుకో. ఈ గోలలో నువ్వు అరవక్కర్లేదు. చెయ్యి తొడ పక్కన పెట్టి మూడు వేళ్లు దించు. పియానో ముందు ఎవడు కూర్చున్నా అర్థం చేసుకుంటాడు."

ఆరోజు ఆమె మెడ లాగలేదు. ఆ తరవాత మూడేళ్లు, శనివారం సాయంత్రం పిన్నితో 'ఓవర్‌టైమ్' అని చెప్పి అక్కడ పాడింది. ప్రేమ పాటలు, విరహం పాటలు, సరుకులు మోసే రైళ్ల మీద పాటలు. సంఘంలో పాడేవి మాత్రం ఒక్కటి కూడా అక్కడ పాడలేదు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. తనే పెట్టుకుంది.

జనవరిలో మిసెస్ ప్రూయిట్ తుంటి ఎముక విరిగింది. ఆమె బదులు లూషియస్ గెయిన్స్ అనే కుర్రాణ్ణి జీతానికి తీసుకొచ్చారు. మొదటి ఆదివారమే అతను హాగరు పాటను బాగా పై శ్రుతిలో మొదలుపెట్టాడు. ఒజెల్లా ముందుకొచ్చి నిలబడింది. ఊపిరి తీసుకుంది. ఎడమ చెయ్యి పొడుగాటి క్వయర్ రోబ్ పక్కకు వెళ్లి, మూడు వేళ్లు నేలవైపు దిగాయి. ఆమె దించలేదు. అవే దిగాయి.

లూషియస్ కన్ను కూడా ఆర్పలేదు. రెండు మెట్లు నొక్కి శ్రుతి మార్చి, ఆమె పాదాల దగ్గరికి తెచ్చి పెట్టాడు. ఆరోజు ఆమె పాడినట్టు ఆ సంఘంలో ఎన్నడూ పాడలేదు. పిన్ని దళం చాలక మగవాళ్లు కూడా వచ్చి పడిపోయినవాళ్లను మోశారు.

బుధవారం సంఘ సమావేశంలో డీకన్ హోసియా క్రంప్ లేచి నిలబడ్డాడు.

"ఆ మూడు వేళ్లు మీరెవరూ చూసి ఉండరు. నేను చూశాను. అది బార్లో పాడేవాళ్లు పియానోవాడికి ఇచ్చే సైగ. సిస్టర్ ఒజెల్లా ఆ సైగ ఎక్కడ నేర్చుకుందో అడగండి."

"నువ్వెక్కడ నేర్చుకున్నావు డీకన్?" అంది వెనకనుంచి ఓ ముసలి గొంతు.

అందరూ పకపకా నవ్వారు. క్రంప్ చెవులు నల్లబడ్డాయి. రక్షణ పొంది సంఘంలో చేరకముందు అతను డేరా ప్రదర్శనల్లో పదేళ్లు ట్రాంబోన్ ఊదాడని అందరికీ తెలుసు. ఏటా సంఘం ముందు సాక్ష్యమిచ్చేటప్పుడు అతనే చెబుతాడు.

"నేనెక్కడ నేర్చుకున్నానో చెప్పుకుని, ఏడ్చి, వదిలేసి వచ్చాను. ఆమెను కూడా చెప్పమనండి."

పాస్టరు టాలివర్ గారు అడిగారు. ఒజెల్లా అబద్ధమాడలేదు. అవునంది. పిన్ని అక్కడే కూర్చుని ఉంది. ఓవర్‌టైమ్ మాట అందరి మధ్యా అలా బయటపడింది. తీర్మానం ప్రతిపాదించారు, బలపరిచారు, చేతులెత్తారు. తొంభై రోజులు క్వయర్‌లోంచి తప్పించి వెనక కూర్చోబెట్టారు. పిన్ని చెయ్యి ఎత్తిందో లేదో ఒజెల్లా చూడలేదు. చూడకూడదని నేల వంక చూస్తూ నిలబడింది.

"మరి సైగ అర్థం చేసుకున్నవాడి సంగతేమిటి?" అని అడిగింది చివర్లో.

"బ్రదర్ గెయిన్స్ ఇక్కడ సభ్యుడు కాదు సిస్టర్, పనిచేసేవాడు," అన్నాడు క్రంప్. "అతని మీద మనకు అధికారం లేదు."

అధికారం లేకపోయినా అవసరం ఉంది. ఆర్గాన్ వాయించేవాడు దొరకడం కష్టం.

కూర్చోబెట్టినవాళ్లు వెనక బెంచీలో, తలుపు పక్కన కూర్చోవాలి. రావడం మానకూడదు. మానితే మారుమనస్సు లేదంటారు. జనవరి చలి తలుపు సందులోంచి నేరుగా ఒజెల్లా చీలమండలకు తగిలేది. అందరూ కలిసి పాడే కీర్తనలు ఆమె కూడా పాడవచ్చు. కానీ ఆమె గొంతు కాస్త లేస్తే చాలు, ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగేవాళ్లు. కొందరు కోపంగా, కొందరు ఆశగా. ఆ రెండు చూపులూ భరించలేక పెదాలు మాత్రమే కదిపేది.

అసలు బాధ ఎర్లీన్ పాడుతున్నప్పుడు. ఎర్లీన్ మంచి పిల్ల, పంతొమ్మిదేళ్లది. గొంతు గాజుగ్లాసు లాంటిది. కానీ హాగరు పాట రెండో చరణంలో ఒక చోట ఆగాలి. నీళ్లయిపోయాయన్న మాట తరవాత పాట ఆగి, తిత్తిని తలకిందులు చేసి చూసుకున్నంతసేపు ఉండి, అప్పుడు మళ్లీ అందుకోవాలి. ఎర్లీన్ ఆగదు. ఆగితే మరిచిపోయాననుకుంటారేమోనని భయం. ప్రతి ఆదివారం ఆ చోటు వచ్చేసరికి ఒజెల్లా గోళ్లు అరచేతుల్లో దిగేవి. మార్చిలో ఒకరోజు మెట్ల మీద ఆ పిల్లను పట్టుకుంది.

"అక్కడ ఆగవే. మూడు లెక్కపెట్టుకుని ఆగు."

"నేను మీతో పాట గురించి మాట్లాడకూడదట సిస్టర్. డీకన్ గారు చెప్పారు," అంది ఎర్లీన్ కళ్లనీళ్లతో. "మీరే తొందరగా వచ్చెయ్యండి. అది నావల్ల కావడం లేదు."

అటు బార్ సంగతి ఇంకోలా చెడింది. శనివారాలు మానలేదు ఒజెల్లా. ఎలాగూ తెలిసిపోయింది, ఇంకెందుకు మానాలని మొండిగా వెళ్లింది. బార్ యజమాని సైక్స్‌కు కబురు అందింది. అతను తలుపు మీద 'చర్చి తరిమేసిన గాయని' అని అట్ట రాసి పెట్టించాడు. ఆమె దాన్ని పీకి లోపలికి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నన్నెవరూ తరమలేదు. కూర్చోబెట్టారు."

"పోనీలే అమ్మాయ్, కూర్చోబెట్టారనే రాయిస్తా. నాకు కావాల్సింది అది కాదు. నువ్వు అక్కడ జనాన్ని పడగొట్టే పాటొకటి ఉందట కదా. హాగరో ఏదో. అది ఇక్కడ పాడు. విట్ దానికి మంచి ఊపు కడతాడు."

"అది ఇక్కడిది కాదు సైక్స్ గారూ."

"ఇక్కడ తాగేవాళ్లంతా రేపొద్దున ఎక్కడికి పోతారనుకున్నావు? అక్కడికే."

"పోనివ్వండి. అక్కడ వింటారు."

"ఎవరి నోట? నిన్నక్కడ పాడనివ్వరు. ఇక్కడ నువ్వు పాడవు. ఆ పాటను ఏం చేద్దామని, ఊరగాయ పెడతావా?"

విట్ పియానో మూత దించి, "ఆ పిల్ల వద్దంది కదయ్యా," అన్నాడు. సైక్స్ వినిపించుకోలేదు. ఆ పాట పాడతానన్న రోజు రమ్మన్నాడు. మార్చి చివరి శనివారం నుంచి ఆమె స్థానంలో వేరే అమ్మాయి పాడుతోంది. ఒజెల్లా రెండు చోట్లా నోరు మూసుకుంది. లాండ్రీ రోలర్ల దగ్గర కూడా ఇప్పుడు పాట రావడం లేదు. నోరు తెరిస్తే ఆవిరి లోపలికి పోయి దగ్గు వచ్చేది.

ఆ ఆదివారం పదకొండు గంటల ఆరాధనకు పిన్నీ ఒజెల్లా నడిచి వచ్చారు. పిన్ని తెల్ల గౌను వంక చూసి దారిలో ముగ్గురు ఆడవాళ్లు, "ఈవేళ మన ఒజెల్లా వచ్చేస్తుంది కదూ!" అని పలకరించారు. పిన్ని అందరికీ తలూపింది. నడవాలో లూషియస్ నోట్స్ కాగితాలు చంకలో పెట్టుకుని ఎదురయ్యాడు.

"చదివెయ్యండి అక్కా. పెదాలతో చదివెయ్యండి, అంతే. మీరు లేకుండా నాకు అక్కడ వాయించినట్టే లేదు."

"నువ్వెక్కడ వాయిస్తున్నావు శనివారాలు?"

అతను అటూ ఇటూ చూశాడు. "స్టేట్ వీధిలో ఒక బార్లో. నన్నెవరూ అడగలేదు."

"నువ్వూ చెప్పలేదు."

"చెబితే ఏమయ్యేది? ఇద్దరం పోయేవాళ్లం."

ఆమె వెనక బెంచీ వైపు నడిచింది. అతను చెప్పింది నిజమే. అదే ఆమెకు కోపం తెప్పించింది.

ప్రసంగం, చందాలు అయ్యాక పాస్టరు గారు పిలిచారు. బెంచీల మధ్య దారి అంత పొడుగని ఒజెల్లాకు ఎప్పుడూ తెలియలేదు. బల్ల ముందు డీకన్ క్రంప్ నిలబడి ఉన్నాడు. అతని కళ్లలో కసి లేదు. నిజానికి అతను సంతోషంగా ఉన్నాడు. తప్పిపోయింది తిరిగొస్తోందనుకునే మనిషి సంతోషం అది. తిరిగి చేర్చుకునేవాళ్లకిచ్చే కుడిచెయ్యి అప్పుడే చాచడానికి సిద్ధంగా, కోటుకు తుడుచుకుంటున్నాడు. ఆమెకు అతన్ని అసహ్యించుకోవడం అంతవరకు సులువుగానే ఉండేది.

కాయితం విప్పింది. క్వయర్ వరసలో ఆమె చోటు ఖాళీగా ఉంచారు. దాని మీద మడత పెట్టిన రోబ్ ఉంది. ఎర్లీన్ పక్కకు జరిగి కూర్చుంది.

"సైతాను..." అని ఆగింది.

"ఆమేన్, చదువమ్మా," అన్నారెవరో.

"ఓపిగ్గా, ఓపిగ్గా," అన్నారు ఇంకెవరో.

ఒజెల్లా కాయితం మడిచింది. "మూడేళ్లు మా పిన్నికి అబద్ధం చెప్పాను. మీ అందరి దగ్గరా దాచాను. అది తప్పు. మీ అందరినీ, మా పిన్నిని అందరికంటే ముందు, క్షమాపణ అడుగుతున్నాను."

"ఆమేన్," అన్నారు చాలామంది. కొన్ని చేతులు తొందరపడి లేచాయి.

"రాసింది చదవాలి సిస్టర్," అన్నాడు క్రంప్ మెల్లగా. "దాచినందుకు కాదు. పాడినందుకు."

"పాడినందుకు అడగలేను డీకన్ గారూ. నేనక్కడ చెడ్డపని చెయ్యలేదు. మీరు ట్రాంబోన్ ఊదినప్పుడు మీరేం చేశారో నాకు తెలీదు. నేను పాడాను, అంతే."

సభలో గుసగుసలు లేచాయి. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. "అమ్మాయికి పొగరు," అని ఒకరు, "అడిగింది కదా, ఇంకేం కావాలి?" అని ఇంకొకరు. పిన్ని గోడ వారగా, తెల్ల చేతితొడుగులు ఒకదాన్నొకటి పట్టుకుని, నిటారుగా నిలబడి ఉంది.

పాస్టరు టాలివర్ గారు చెయ్యెత్తారు. ఆయన అలసిపోయినట్టు కనిపించారు. "సిస్టర్ ఒజెల్లా, నేనిది రెండుసార్లు అడగను. కాయితం చదివితే ఈ క్షణమే వెళ్లి నీ రోబ్ వేసుకుంటావు. వచ్చే నెల ఆ పాట నువ్వే పాడతావు. చదవనంటే, నీ సభ్యత్వపు ఉత్తరం రాసిస్తాను. నచ్చిన సంఘంలో చేరవచ్చు. నీ గొంతుకు ఏ తలుపైనా తెరుచుకుంటుంది. మనలో మనకు గొడవ ఉండదు. ఏం చేద్దామంటావు?"

లూషియస్ చేతులు ఆర్గాన్ మీద ఉన్నాయి, నొక్కకుండా. ఎర్లీన్ ఏడుస్తోంది. ఒజెల్లా కాయితాన్ని బల్ల మీద పెట్టింది.

"ఉత్తరం రాయకండి పాస్టరు గారూ. ఇది నా సంఘం. నేనెక్కడికీ పోను. కాయితం చదవను. వచ్చే నెల ఆ పాట ఎర్లీన్ పాడుతుంది. నేను వెనక కూర్చుంటాను."